కాళ్ళొచ్చాయి, తల రాలేదు

ఆ శనివారం పొద్దున ఆరేలియన్ దొబ్రోతా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి మేడెక్కాలి, పన్నెండింటికి యాంటెనా నిలబెట్టాలి, ఒంటిగంటకి దిగివచ్చి చిక్కుడుగింజల సూపు తాగాలి. నాలుగింటికి అత్తగారు పరాస్కీవా కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని బల్గేరియా టీవీలో సీరియల్ చూడాలి. అంతే.

బుకారెస్టు టీవీలో ఆ ఏడు కరెంటు పొదుపు పేరిట రోజుకు రెండు గంటలే కార్యక్రమాలు. అందులోనూ ఎక్కువ భాగం నాయకుడి ప్రసంగాలకి చప్పట్లు. అందుకని ఊళ్ళో సగం మేడల మీద యాంటెనాలు దక్షిణానికి, డాన్యూబు నది అవతలికి మొహం తిప్పుకుని ఉండేవి. పరాస్కీవా ఆ నది ఒడ్డునే పుట్టింది. బల్గేరియా భాష ఆవిడకి మంచినీళ్ళ ప్రాయం. మొన్నమొన్నటి దాకా పక్కవీధి స్నేహితురాలింటికి వెళ్ళి హత్యల సీరియల్ చూసొచ్చేది. మెట్ల మీద మంచుకి జారి కాలు విరిగాక ఆ దారి మూసుకుపోయింది.

"ఇంకా రెండు భాగాలే ఉన్నాయి అల్లుడూ. డాక్టరు భార్యని చంపిందెవరో తెలీకుండా నేను పోయాననుకో, రోజూ నీ కల్లోకొచ్చి అడుగుతా," అందావిడ.

"పోవడమేంటి అత్తయ్యా! విరిగింది కాలేగా?"

"నా వయసులో అన్నీ కాలితోనే మొదలవుతాయి."

ఆరేలియన్ కర్మాగారంలో లేత్ మీద పనిచేస్తాడు. యాంటెనాకి ఎన్ని పుల్లలుండాలన్న దాని మీద అక్కడ వారం రోజులు చర్చ నడిచింది. ఐదు చాలని ఒకరు, ఏడు లేనిదే నది దాటదని ఇంకొకరు. చివరికి ఆరేలియన్ పదకొండు పెట్టాడు. ఎదురు బిల్డింగులో ఇంజనీరుగారి యాంటెనాకి తొమ్మిదున్నాయి మరి.

పన్నెండింటికి నిలబడాల్సింది మూడున్నరకి నిలబడింది. తీగ చాల్లేదు, అతుకు ఊడింది, గొట్టానికి బిగించిన పట్టీ బిగిసినట్టే బిగిసి వదులైంది. సూపు చల్లారిపోయింది. ఇల్లు నాలుగో అంతస్తులో, సరిగ్గా మేడ కింద. పరాస్కీవా టీవీ ముందు కూర్చుంది. భార్య వెటూరియా కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి నిలబడింది. తల్లి చెప్పింది పైకి, మొగుడు అడిగింది లోపలికి చేరవేయడం ఆమె పని.

"వచ్చిందా?" మేడ మీంచి ఆరేలియన్ అరిచాడు.

"రాలేదట!"

"ఇప్పుడు?"

"కొంచెం వచ్చిందట!"

ఆ రోజుల్లో బుకారెస్టు వీధుల్లో 'వచ్చింది' అన్న మాటకి ఒక్కటే అర్థం. దుకాణానికి ఏదో వచ్చిందని. ఆ బిల్డింగు కిందే కిరాణా దుకాణం ఉంది. అందులో నెల రోజులుగా వెనిగర్ సీసాలూ చేపల డబ్బాలూ తప్ప ఇంకేం లేవు. పేవ్‌మెంటు మీద నడిచిపోతున్న ఒకావిడ 'కొంచెం వచ్చింది' అని వినగానే టక్కున ఆగి, కోటు జేబులోంచి వల సంచీ తీసి దుకాణం తలుపు దగ్గర నిలబడింది. ఆవిణ్ణి చూసి ఇద్దరు నిలబడ్డారు. ఇద్దర్ని చూసి ట్రాము దిగినవాళ్ళంతా నిలబడ్డారు.

"ఏం వచ్చిందండీ?"

"ఏదో కొంచెం వచ్చిందట. చివర్లో ఎవరున్నారు?"

సరిగ్గా అప్పుడే టీవీలో బొమ్మ గిర్రున పైకి తిరిగి సగంలో ఆగింది. తెర పైభాగమంతా చుక్కలు, కింద ఒక మగమనిషి ప్యాంటూ బూట్లూ. "కాళ్ళు కనిపిస్తున్నాయే!" అంది పరాస్కీవా.

వెటూరియా గొంతెత్తి పైకి అరిచింది. "కాళ్ళొచ్చాయి! తల రాలేదు!"

కింద వరుసలో కలకలం పుట్టింది. పందికాళ్ళు! ఉడకబెట్టి, వెల్లుల్లి దంచి వేసి, గడ్డకట్టించి తింటే ఎలా ఉంటుందో మూడు నెలలుగా అందరూ మరిచిపోయారు. పది నిమిషాల్లో వరుస మలుపు తిరిగి మందుల షాపు దాకా పోయింది. ఒకాయన కాగితం మీద పేర్లు రాయడం కూడా మొదలుపెట్టాడు.

కిటికీలోంచి ఆ వరుసని చూసిన వెటూరియాకి ఒళ్ళంతా ముళ్ళ మీద ఉన్నట్టయింది. "ఏమిస్తున్నారమ్మా?" అని కిందికి అరిచింది.

"కాళ్ళు! పందికాళ్ళు!"

అవి తను అరిచిన కాళ్ళేనన్న అనుమానం ఆమెకి రాలేదు. సంచీ లాక్కుని, "అమ్మా, ఇప్పుడే వస్తా!" అంటూ మెట్లన్నీ దడదడా దిగి వరుసలో నూట పన్నెండో మనిషై నిలబడింది.

మేడ మీద ఆరేలియన్ గొట్టాన్ని ఇటు తిప్పి "వచ్చిందా?" అన్నాడు. జవాబు లేదు. అటు తిప్పి అడిగాడు. లేదు. "ఒసేయ్ వెటూరియా!" కింద ఉన్నవాళ్ళకి మటుకు 'వచ్చిందా' అన్న కేక పదేపదే వినిపిస్తూ ఉంటే ఆత్రం పెరిగిపోయింది. దుకాణం తలుపు మీద గుద్దడం మొదలైంది.

దుకాణం మేనేజరు ముంత్యాను తలుపు సందులోంచి తల బయటపెట్టాడు. కాళ్ళు లేవన్నాడు, ఎవరూ నమ్మలేదు. కాసేపటికి తనకే నమ్మకం పోయింది. తన వంతు సరుకు ఇంకో దుకాణానికి మళ్ళించారేమో! సరుకుల డిపోకి ఫోన్ చేశాడు. "నా కాళ్ళేవి? ఇక్కడ మూడొందల మంది ఉన్నారు, మిలీషియా కూడా వచ్చింది! నా కాళ్ళు నాకు పంపుతారా, లేక వాళ్ళకి మీ పేరు చెప్పమంటారా?"

మిలీషియా, అంటే అక్కడి పోలీసు, నిజంగానే వచ్చింది. సార్జెంటు బొటెజాతు ఒక్కడే, కానీ ఇద్దరంత మనిషి. పుకారు పుట్టింది మేడ మీదని ఎవరో వేలు చూపిస్తే, నాలుగంతస్తులూ ఆయాసపడుతూ ఎక్కొచ్చి, దొరికిన మొదటి ఆసరా మీదికి ఒరిగిపోయాడు. అది యాంటెనా గొట్టం. పట్టీ కిర్రుమంది.

"అరిచింది నువ్వేనా?"

"నేనే సార్."

"ఏమని?"

"వచ్చిందా అని."

"ఏం రావాలని?"

పరాయి దేశం టీవీ అంటే ఇంకో కేసవుతుందని ఆరేలియన్ బల్గేరియా పేరెత్తలేదు. "బొమ్మ సార్... మా అత్తగారి కోసం."

"బొమ్మతో ఆడుకునే వయసా మీ అత్తగారిది? ఉత్త పుకారుతో జనాన్ని పోగుచేస్తే ఏమవుతుందో తెలుసా? పేరు చెప్పు. తండ్రి పేరు. తల్లి పుట్టింటి పేరు." సార్జెంటు నింపాదిగా రాసే రకం. ప్రతి పేరూ రెండుసార్లు పలికించుకుని, పెన్సిల్ నాలిక మీద తడుపుకుని, గొట్టానికి ఆనుకునే అరగంటకి పైగా రాశాడు. ఆరేలియన్ జైల్లో లేత్ మిషన్లు ఉంటాయా అని ఆలోచిస్తూ నిలబడ్డాడు.

అంతలో కింద లారీ హారన్ మోగింది. ఆ వెనకే మూడొందల మంది ఒక్కసారి కేక పెట్టారు.

సార్జెంటు పిట్టగోడ మీంచి వంగి చూశాడు. "ఏంటది?"

"కాళ్ళు! లారీ నిండా కాళ్ళు!" కిందినుంచి జవాబొచ్చింది.

ఆయన రాసిన కాగితాన్ని చింపి జేబులో పెట్టుకున్నాడు. "నిజమైతే అది పుకారు కాదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "డిపోలో మీకు ఎవరున్నారు కామ్రేడ్?" అని అడిగాడు. జవాబు కోసం ఆగకుండా రెండో జేబులోంచి సంచీ తీసుకుని ఎక్కినదానికి రెట్టింపు వేగంతో దిగిపోయాడు.

ఆ తర్వాత కూడా గొట్టం తిప్పితిప్పి విసిగి, ఆరున్నరకి ఆరేలియన్ తల వేలాడేసుకుని ఇల్లు చేరాడు. వెటూరియా నాలుగు పందికాళ్ళు కుళాయి కింద పెట్టి కడుగుతోంది. అత్తగారి మొహం చూడాలంటే భయమేసింది.

"క్షమించండి అత్తయ్యా, కుదర్లేదు."

"కుదరకపోవడమేంట్రా నా బంగారు అల్లుడూ!" పరాస్కీవా కళ్ళు మెరుస్తున్నాయి. "నాలుగుంపావు నుంచి అద్దంలా వచ్చింది! నర్సు మీద అనుమానం పోయింది, ఇప్పుడు తోటమాలి మీదికొచ్చింది. ఐదింటికి ఐదు నిమిషాలుండగా ఎవరో లాగేసినట్టు పోయింది. ఏం చేశావు అప్పుడు?"

ఆరేలియన్ లెక్క చూసుకున్నాడు. "నేనేం చెయ్యలేదు. సార్జెంటు గొట్టానికి ఆనుకున్నాడు. తర్వాత వెళ్ళిపోయాడు."

ఆదివారమంతా అతను మేడ మీదే ఉన్నాడు. గొట్టాన్ని అదే వాలుకి వంచి చూశాడు, తాడేసి కట్టాడు, ఇటుకలు వేలాడదీశాడు, వెటూరియాని ఆనుకోమన్నాడు. బల్గేరియా రాలేదు. ఆ బరువూ ఆ వాలూ సార్జెంటుకే ఉన్నాయి.

"వచ్చే శనివారం ఆఖరి భాగం," అంది పరాస్కీవా సాయంత్రం పందికాలు చీకుతూ. "ఏదో ఒకటి చేసి ఆయన్ని నాలుగింటికల్లా పైకి రప్పించు."

సోమవారం నుంచి ఆరేలియన్ లేత్ ముందు నిలబడి, మిలీషియాని రప్పించేంత పెద్దదీ జైలుకి పంపనంత చిన్నదీ అయిన నేరం ఏదైనా ఉందా అని వెతకడం మొదలుపెట్టాడు.