అత్తగారి కళ్ళు, అల్లుడి క్లిప్పు

ఆ రోజు కళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం దాకా అత్తగారు ఏడవకుండా చూడాలి.

శుక్లాల ఆపరేషన్లో రెప్పలు మూతపడకుండా ఒక క్లిప్పు పెడతారు. పాత క్లిప్పు బిగువు వల్లే తరవాత కళ్ళు పొడిబారి మండుతున్నాయని, తను చేయించిన సన్నతీగ క్లిప్పుతో ఆ బాధ ఉండదని డాక్టరు వాదన. ఆస్పత్రి పెద్దాయన నమ్మలేదు. అత్తగారు మాత్రం అల్లుడి మీద అభిమానంతో కుడి కంటికి పాతదీ, ఎడమ కంటికి కొత్తదీ పెట్టించుకుంది. ఇవాళ పెద్దాయన ఎదుట రెప్పల కింద కాగితప్పట్టీలు పెట్టి, ఏ కంట్లో ఎంత తడి ఊరుతోందో చూడాలి. కొత్త క్లిప్పు భవిష్యత్తు తేలేది అక్కడే.

చిక్కల్లా ఆవిడ టీవీలో వాతావరణ వార్తలకు కూడా ఏడవగలదు. ఏడవొద్దంటే, అలా అన్నందుకు ఏడుస్తుంది. అందుకని ఆవిడకు తెలియకుండా, ఎవరూ ఎదురు చెప్పకూడదని డాక్టరు ఇంట్లో హుకుం జారీ చేశాడు.

"కూరలో ఉప్పేదే?" అంది అత్తగారు.

"నిజమేనమ్మా, నాకు వంట రాదు," అంది కూతురు.

అత్తగారు గరిటె కింద పెట్టేసింది. కూతురు ఆ మాట ఒప్పుకున్న పాపాన ఏనాడూ పోలేదు. ఎందుకైనా మంచిదని అత్తగారు వెళ్ళి, తన భర్త తల మీద తిరుగుతున్న ఫ్యాను ఆపి చూసింది.

"మంచి పని చేశావు," అన్నాడు మామగారు చెమట తుడుచుకుంటూ.

ఆవిడకు అనుమానం పట్టుకుంది. అంతలో అల్లుడు వచ్చి, "రేపు ప్రయాణం ఎందుకండీ అత్తయ్యగారూ, ఇక్కడే ఉండిపోండి," అన్నాడు. ఇక సందేహం లేదు. తన కళ్ళు పోతున్నాయి, అందరికీ తెలుసు, తనకే చెప్పడం లేదు.

ఆస్పత్రి దాకా ఎలాగో బిగబట్టుకుంది. పెద్దాయన పట్టీలు పెట్టి, "కాసేపు కళ్ళు మూసుకోండమ్మా," అన్నాడు.

"ఇక ఎప్పటికీ చీకటేగా బాబూ!" అని బావురుమంది. పట్టీలు రెండూ ముద్దయిపోయాయి.

డాక్టరు తల పట్టుకుని నిజం చెప్పేశాడు. "మీ కళ్ళు నిక్షేపంలా ఉన్నాయండీ. మీరు ఏడవకూడదనే ఇదంతా."

అత్తగారికి పోయిన ప్రాణం లేచివచ్చింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని, అప్పుడు అడిగింది.

"అయితే ఉండిపొమ్మన్నది కూడా అందుకేనా?"

డాక్టరు గబగబా పట్టీల డబ్బా తీసి పెద్దాయన చేతికిచ్చాడు.

పెద్దాయన కొత్త పట్టీలు పెట్టాడు. ఈసారి అల్లుడి మీద కోపానికి అత్తగారి రెండు కళ్ళల్లోనూ చుక్క లేదు.

"ఈ కళ్ళు క్లిప్పు మాట వినడం లేదయ్యా, ఇంట్లో వాళ్ళ మాట వింటున్నాయి," అన్నాడాయన. "ఈవిడ మనసు కుదుటపడ్డాక తీసుకురా. అప్పటిదాకా నీ క్లిప్పు వాడొద్దు."

"కుదుటపడేదాకా ఉంటాను," అంది అత్తగారు. "అల్లుడుగారు నోరారా ఉండమన్నారుగా."

కొత్త క్లిప్పు ఇప్పటికీ బీరువా దిగలేదు.