తెల్ల మిరియాల మహోపకారం

వంటింట్లో ఇంకా నల్ల మిరియాలు వాడేవాళ్లంతా అనాగరికులు! కోపం వచ్చిందా? రానివ్వండి. మొన్నమొన్నటిదాకా నేనూ ఆ గుంపులోనే ఉండేవాణ్ణి. మా కోడలు వచ్చాక మనిషినయ్యాను.

నల్ల మిరియానికి దాపరికం తెలియదు. సూప్‌లో వేస్తే చాలు, ఇదిగో నేనున్నానంటూ చుక్కలు చుక్కలుగా తేలుతుంది. అదేం మర్యాదండీ? తెల్ల మిరియం అలా కాదు. పండిన మిరియాలను నీళ్లలో నానబెట్టి, పైతోలు మెత్తబడ్డాక రుద్ది తీసేస్తారట. తోలు వలిపించుకుని మరీ ఎక్కువ ధర పలికే ప్రాణి లోకంలో ఇంకొకటుందా? వైట్ సాస్‌లో కలిపినా, చిదిమిన బంగాళాదుంపలో కలిపినా ఉన్నట్టే తెలియదు. నాలుక మీద పడ్డాకే దాని సంగతి.

"నల్ల చుక్కలుంటే ఫొటోలో దుమ్ము పడ్డట్టు ఉంటుంది మామయ్యా" అంటుంది మా కోడలు. నిజమే! తిండి ఫొటోకి బాగుండాలి గానీ నోటికి బాగుంటే ఎవరికి లాభం? మా ఇంట్లో గోడలు తెలుపు, ప్లేట్లు తెలుపు, సోఫా తెలుపు. ఆ సోఫా మాసిపోతుందేమోనని నేను నిలబడే పేపర్ చదువుతాను. కాళ్లకు మంచి వ్యాయామం!

ఇక అసలు ఉపకారం సంగతి.

మా చెల్లెలికీ నాకూ చాన్నాళ్లుగా మాటల్లేవు. "పేపర్లో అన్నయ్య రాసే కాలమ్ చదివితే మా ఆయనకి నిద్ర బాగా పడుతోంది" అని నలుగురిలో అనేసింది. నేను ముఖం తిప్పుకున్నాను. తనూ తిప్పుకుంది. చివరికి మా ఆవిడే ఫోన్ చేసి, ఆదివారం వాళ్లిద్దర్నీ భోజనానికి పిలిచింది. ఈసారి చెడితే ఇక కలవడం కల్ల అని ఇంట్లో అందరికీ తెలుసు. నాకు మరీ తెలుసు.

పొయ్యి మీద బంగాళాదుంప సూప్ తెల్లగా, అమాయకంగా ఉడుకుతోంది. కోడలు తెల్ల మిరియాల పొడి వేసి, టేబుల్ సర్దడానికి వెళ్లింది. మా ఆవిడ వచ్చి చూసింది. పొడి వేసిన ఆనవాలే లేదాయె! పాపం, పిల్ల మరిచిపోయిందనుకుని తనో చెంచాడు వేసింది. తర్వాత మా అబ్బాయి ఫోన్ చూసుకుంటూ వచ్చి మరో చెంచాడు వేశాడు. వేశారా లేదా అని అడగొచ్చు కదా అంటారా? ఒకే ఇంట్లో ఉంటూ ఒకర్నొకరు అడగడమా! అదేం అలవాటండీ?

చివర్లో నేనూ వెళ్లాను. చెల్లెలికి చిన్నప్పటి నుంచీ ఘాటంటే ఇష్టం. కాస్త ధారాళంగానే వేశాను.

మొదటి గుక్కకే బావగారి ముఖం కందగడ్డయింది. మా ఆవిడకి పొలమారింది. అబ్బాయి నీళ్ల జగ్గు కోసం పరుగెత్తాడు. కోడలు ఫొటో తీయడం మరిచిపోయింది! చెల్లెలు చెంచా కింద పెట్టి, దగ్గుతూ నా వైపు చూసింది. నా కళ్లు ధారలు కడుతున్నాయి.

"ఏంటన్నయ్యా, ఏడుస్తున్నావా?"

"నీ మొహం! మిరియాల ఘాటే."

"నాకూ అంతేలే" అంటూ తనూ కళ్లు తుడుచుకుంది. "నీ మీద కోపంతో పేపర్ మాన్పించేశాను. అప్పట్నుంచీ ఈయనకి సరిగ్గా నిద్రే పట్టట్లేదు. రేపట్నుంచి మళ్లీ వేయించుకుంటాంలే."

బావగారు దగ్గుతూనే తలూపారు. అందరం నవ్వేశాం.

చూశారా మరి! అందుకే ప్రతి ఇంట్లోనూ తెల్ల మిరియాల సీసా ఒకటి ఉండి తీరాలి. సాస్ కోసం కాదు, సూప్ కోసం కాదు. చాన్నాళ్లకు చెల్లెలు ఎదురుగా వచ్చి కూర్చుంటే, అన్నగారు చెప్పుకోవడానికి ఒక వంక ఉండాలి కదా!

ఎందుకంటే, నా చెంచాకి అప్పటికింకా సూప్ తడే అంటలేదు.