వాసన లేదని తీర్మానం

టికియాపారా నవచేతన వ్యాయామ సమితిలో ఎలాంటి దుర్వాసనా లేదని పార్టీ లోకల్ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. తొంభై తొమ్మిదో సంవత్సరం మే నెలలో, ఒక బుధవారం సాయంత్రం ఈ చారిత్రక సమావేశం జరిగింది. వ్యాయామశాల లోపల జరగాల్సిన సమావేశాన్ని వీధిలోకి మార్చి, చేపల బజారు పక్కన కుర్చీలు వేశారు. లోపల ఎందుకు వద్దన్నారని ఎవరూ అడగలేదు. ఇక్కడ గాలి హాయిగా ఉందని మాత్రం ఇద్దరు ముగ్గురు సభ్యులు అన్నారు.

తీర్మానాన్ని బెంగాలీ, హిందీ, తెలుగు భాషల్లో రాయించి తలుపుకి అంటించే బాధ్యత కేర్‌టేకర్ కృపాదానం మీద పడింది. ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో మైదా జిగురు పూసి, మోచేత్తో అదిమి ఆ పని పూర్తి చేశాడు.

కృపాదానం నాన్న టెక్కలి నుంచి బెంగాల్లోని ఈ రైల్వే బస్తీకి, లోకో షెడ్డులో ఖలాసీ పనికి వచ్చినవాడు. కృపాదానం కూడా ఆ షెడ్డులోనే పనిచేసి, నడుం పట్టేసి, ముందుగా రిటైరై, ఈ వ్యాయామశాల తాళాలు పుచ్చుకున్నాడు. భార్య పోయింది. ఉన్నది ఒక్కతే కూతురు, జెరూషా. ఇరవై ఒక్కేళ్ల పిల్ల. ఎనభై అయిదు కిలోల బరువుని గుండెలదాకా లేపి, ఒక్క ఊపులో నెత్తిమీదికి ఎత్తేస్తుంది. ఎత్తేటప్పుడు కృపాదానం చూడడు. కళ్లు మూసుకుని ప్రభువుని తలుచుకుంటాడు.

ఇక కామ్రేడ్ కూర్మయ్య గురించి చెప్పకపోతే కళ్లు పోతాయి. సమితి ప్రెసిడెంటు ఆయనే, లోకల్ కమిటీకి పెద్ద దిక్కూ ఆయనే. డెబ్బై నాలుగు రైల్వే సమ్మెలో పోలీసు లాఠీ ఆయన వీపు మీద పడినప్పుడు వంటి మీద ఒక ఎర్ర బనీను ఉందట. కార్మికుల కోర్కెలన్నీ తీరేదాకా ఆ బనీను ఉతకనని ఆయన ఆ క్షణమే ప్రతిజ్ఞ చేశాడు. కోర్కెలు తీరలేదు. కూర్మయ్య మాట తప్పే మనిషి కాడు. ఆ లాఠీ దెబ్బ పడిన నాడు ఆయన సోంపేటలో మేనత్త కూతురి పెళ్లిలో జీడిపప్పు పాకం తింటున్నాడని కిట్టనివాళ్లు అంటారు. కిట్టనివాళ్లు ఏమైనా అంటారు.

రోజూ అయిదింటికి కూర్మయ్య ఆ బనీనుతో వచ్చి, బెంచీ మీద వెల్లకిలా పడుకుని, బరువులేమీ తగిలించని ఉత్త ఇనప కడ్డీని నాలుగుసార్లు పైకెత్తి, తర్వాత గంటసేపు ప్రపంచ పరిస్థితి వివరించేవాడు. ఆయన లేచి వెళ్లిపోయినా ఆ బెంచీ మీద ఎవరో ఉన్నట్టే ఉండేది.

కృపాదానం అమాయకుడు. ఆ జనవరిలో ఒక బోర్డు రాసి గోడకి తగిలించాడు. తువ్వాలు తెచ్చుకోవాలి, వాడిన బెంచీ తుడవాలి, బరువులు తీసినచోట పెట్టాలి, స్నానం చేసి ఉతికిన బనీను వేసుకుని రావాలి. కూర్మయ్య మొదటి మూడూ చదివి తల ఊపాడు. నాలుగోది రెండుసార్లు చదివాడు.

“ఇదేటి కృపాదానం? తానం సేసి రావాలా?”

“ఔను దాదా. నలుగురూ తొంగునే బెంచీ కదా.”

“మన బస్తీలో కొళాయి ఎంతసేపు వత్తాది?”

“అరగంట.”

“ఆ అరగంటలో కార్మికుడు బిందెతో నీల్లు పట్టుకుంటాడా, వీపు రుద్దుకుంటాడా? నువ్వు రాసినది రూలు కాదు. శ్రామికుడి మీద దాడి.”

తాను దాడి చేసినట్టు కృపాదానానికి అంతవరకూ తెలియదు. భయపడిపోయి తడిగుడ్డతో నాలుగో రూలు తుడిచేశాడు.

రూలు పోయినంత మాత్రాన సరిపోలేదు. పార్టీ కార్డు కావాలనుకున్న కుర్రాళ్లు నాయకుడి బాటలో నడవడం మొదలుపెట్టారు. ఒకడు బనీను ఉతకడం మానేశాడు. అది చూసి ఇంకొకడు సబ్బు మానేశాడు. మార్చి వచ్చేసరికి సబ్బు వాసన వచ్చినవాడిని అనుమానంగా చూసే పరిస్థితి వచ్చింది. ఆరింటికి ఆడపిల్లల గంట. నలుగురు పిల్లలు ముక్కుకి చున్నీలు చుట్టుకుని వారం రోజులు ఓర్చుకుని మానేశారు. జెరూషా మానలేదు. బరువులు వరండాలోకి ఈడ్చుకొచ్చి అక్కడే ఎత్తుకునేది.

కృపాదానం తన వంతు ప్రయత్నం చేశాడు. మేడే నాడు కూర్మయ్యకి దండతో పాటు ఒక డజను సబ్బులు భక్తిగా సమర్పించుకున్నాడు. కూర్మయ్య కళ్లు చెమర్చాయి. ఆ డజనూ అక్కడికక్కడే వరద బాధితులకు ప్రకటించాడు. ఆ ఏడు ఇంకా వరద రాలేదు. వచ్చినప్పుడు ఇద్దామని పార్టీ ఆఫీసులో పెట్టించాడు.

అసలు చిక్కు జూన్‌లో వచ్చింది. రైల్వేలో ఆటగాళ్ల కోటా కింద ఉద్యోగాలకి సెలక్షన్లు పెడుతున్నారు. ఆడపిల్లలకి బరువులెత్తడంలో ఒకే ఒక్క పోస్టు. అభ్యర్థి ఏడాదిగా క్రమం తప్పకుండా సాధన చేసిందని ఆమె క్లబ్బు ప్రెసిడెంటు ఫారం మీద సంతకం పెట్టాలి. పన్నెండో తేదీ శనివారం మధ్యాహ్నం లోపల ఫారం చేరాలి. చేరితే జెరూషాకి ఉద్యోగం ఖాయమని, ఆ బరువు ఈ చుట్టుపక్కల ఏ పిల్లా ఎత్తలేదని కోచ్ చెప్పాడు. కృపాదానం ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారి ఫారం పట్టుకుని పార్టీ ఆఫీసులో ఉన్న కూర్మయ్య దగ్గరికెళ్లాడు.

కూర్మయ్య హాజరు పుస్తకం తెప్పించి తిరగేశాడు. “మార్చి నుంచి నీ గుంట లోపలికి రానేదు.”

“వరండాలో సేసింది దాదా. రోజూ సేసింది.”

“వరండాలో ఎందుకు? లోపల ఏటైంది?”

కృపాదానం ఫారాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“వాసన గానీ ఉన్నాదేటి?” అన్నాడు కూర్మయ్య మెత్తగా.

“నేదు దాదా. తీర్మానం నానే అంటించినాను.”

“మరి వాసన నేకపోతే లోపలికి రాకపోడానికి కారణం నేదు. కారణం నేకండా రాకపోతే అది క్రమశిక్షణ నేకపోడం. నానెలాగ సంతకం పెడతాను?”

ఉందంటే పార్టీకి ద్రోహి, లేదంటే కూతురికి ద్రోహి. కృపాదానం అడకత్తెరలో పోకచెక్కలా నలిగి ఇల్లు చేరాడు.

“నేను అడుగుతా నాన్నా,” అంది జెరూషా. “వాసన ఉందని ముఖం మీదే చెప్తా. ఏం చేస్తారు?”

“ఏటీ సెయ్యరమ్మా. సంతకం సెయ్యరు. అంతే.”

అయినా ఆ పిల్ల ఆగలేదు. హిందీలో ఒక కంప్లయింట్ రాసి లోకల్ కమిటీ డబ్బాలో వేసింది. కమిటీ దాన్ని ప్రజాస్వామ్యబద్ధంగా స్వీకరించి, ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేసింది. నిష్పాక్షికంగా ఉండాలని ముగ్గురినీ జలుబు ఉన్నవాళ్లనే ఎంచారు. మంచి గాలికీ ఇక్కడి గాలికీ తేడా తెలుసుకోవడానికి వాళ్లు దీఘా సముద్రతీరానికి వెళ్లి రెండు రోజులు అధ్యయనం చేశారు. తిరిగొచ్చి, అరపేజీ రిపోర్టు ఇచ్చారు. వ్యాయామశాలలో సమితికి చెందిన వాసన ఏదీ లేదు. ఉన్నది తూర్పు కిటికీలోంచి వస్తోంది. కిటికీ అవతల గూడ్సు యార్డు ఉంది. యార్డు రైల్వేది, రైల్వే కేంద్రానిది. కాబట్టి వాసన ఢిల్లీది.

ఇంత సూటిగా ఎవరూ తేల్చలేదని కూర్మయ్య మెచ్చుకున్నాడు. ‘ఢిల్లీ వాసన చొల్బే నా’, ఇక్కడ చెల్లదు, అంటూ బెంగాలీలో ఊరేగింపు తీశారు. మరునాడు ఇరవై నాలుగు గంటల బంద్ పాటించి వ్యాయామశాల మూసేశారు. ఎవరూ రాలేదు, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. మధ్యాహ్నానికి వాసన పూర్తిగా పోయింది. బంద్ నూటికి నూరు శాతం విజయవంతమైందని, ఢిల్లీ తలవంచిందని కూర్మయ్య ప్రకటించాడు.

ఆ రోజు కృపాదానం వెనక తలుపు తాళం తీసి కూతుర్ని లోపలికి పంపాడు. మూడు నెలల తర్వాత ఆ పిల్ల లోపల నిలబడి ఊపిరి నిండా పీల్చుకుని తొంభై కిలోలు ఎత్తింది. కృపాదానానికి ఏడుపొచ్చింది. కానీ బంద్ రోజున చేసిన పనిని పుస్తకంలో రాయడానికి లేదు. రాస్తే బంద్ విరిచినట్టు.

విచారణ రిపోర్టుని సర్వసభ్య సమావేశం ఆమోదించాలి. పదో తేదీ గురువారం అది పెట్టారు. పరిశీలకుడిగా జిల్లా కమిటీ నుంచి హలధర్ బాబు వచ్చాడు. గంజి పెట్టిన తెల్ల ధోవతి, తొంభై కిలోల గంభీరమైన మనిషి. వీధిలో పెడదామనుకుంటే ఆ సాయంత్రమే తొలకరి కుండపోతగా కురిసింది. నలభై మూడు మంది సభ్యులు లోపలికి చేరి, జల్లు కొట్టకుండా కిటికీలు మూశారు. సభ్యురాలు కాదు కాబట్టి జెరూషా తండ్రితో పాటు గుమ్మం దగ్గర నిలబడింది.

“మన సమితిలో వాసన నేదని ఒప్పుకునేవోలు సేతులెత్తండి,” అన్నాడు కూర్మయ్య.

నలభై మూడు చేతులు ఒక్కసారి లేచాయి. ఎదురుగా కూర్చున్న హలధర్ బాబు ముందు చిరునవ్వు నవ్వాడు. తర్వాత జేబురుమాలు తీశాడు. విచారణ సంఘంలో ఒకడు లేచి లెక్కపెట్టాడు. నలభై రెండు వచ్చాయి. ఒకటి తగ్గితే ఏకగ్రీవం కాదు గనుక చేతులు దించవద్దని కూర్మయ్య ఆజ్ఞాపించాడు. మళ్లీ లెక్కపెడితే నలభై నాలుగు వచ్చాయి. ఉత్సాహం కొద్దీ ఎవడో రెండు చేతులూ ఎత్తాడు. మూడోసారి లెక్క సగంలో ఉండగా హలధర్ బాబు కళ్లు తేలేసి, కుర్చీలోంచి పక్కకి ఒరిగి నేల మీద పడిపోయాడు.

ఎవరూ కదలలేదు. ఎలా కదులుతారు? లెక్క తేలకముందు చెయ్యి దించితే వాసన ఉందన్నట్టు అవుతుంది. నలభై మూడు మందీ చేతులెత్తి ఆందోళనగా చూస్తూ నిలబడ్డారు. చూస్తే హలధర్ బాబుకి జేజేలు కొడుతున్నట్టే ఉంది. జెరూషా గుండెల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి, లోపలికి నడిచింది. రెండు చేతులూ ఆయన కింద దూర్చి లేపి, భుజాన వేసుకుని, గుమ్మం దాటి వానలో దించింది. అప్పుడు ఊపిరి వదిలింది.

వాన చినుకులకి హలధర్ బాబుకి తెలివొచ్చింది. వరండాలోకి తెచ్చి కూర్చోబెడితే, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, లోపలికి తొంగి చూడకుండానే ఉపన్యసించాడు. కార్మికుల చైతన్యం చూసి ఉక్కిరిబిక్కిరి అయ్యానన్నాడు. ఇటువంటి నాయకుడు ఒక్క టికియాపారాకి పరిమితం కారాదన్నాడు. జిల్లాలోని ఏడు వ్యాయామశాలలకీ కూర్మయ్యని పర్యవేక్షకుడిగా నియమిస్తున్నానని, రోజుకొకటి చొప్పున తిరగాలని, జిల్లా ఆఫీసుకి మాత్రం రావక్కర్లేదని, రిపోర్టు పోస్టులో పంపితే చాలని చెప్పి కారెక్కాడు.

జెరూషా కారు వెంట పరిగెత్తింది. “బాబూ, నా ఫారం మీద సంతకం.”

“ప్రెసిడెంటుది కావాలి తల్లీ,” అన్నాడు హలధర్ బాబు, కారు అద్దం పైకెత్తుకుంటూ.

శుక్రవారం పొద్దున్న కృపాదానం ఫారం పట్టుకుని కూర్మయ్య ఇంటికి వెళ్లాడు. అన్నేళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదలు. రెండంతస్తుల మేడ. చలవరాతి మెట్లు. తలుపు తీసింది కూర్మయ్య భార్య జగ్గమ్మ.

“కూకో అన్నయ్యా. తానం సేస్తన్నారు.”

కృపాదానం సరిగ్గా విన్నానా అనుకున్నాడు. లోపల నీళ్లు గలగలా పడుతున్నాయి. అరగంట పడ్డాయి. తలుపు తెరుచుకుంటే ఆవిరితో పాటు చందనం సబ్బు వాసన గుప్పుమంది. మెడ నిండా పౌడరు, తెల్లటి లుంగీ. కూర్మయ్య వచ్చి కృపాదానం పక్కనే కూర్చున్నాడు. మనిషి దగ్గర ఏ వాసనా లేదు. తాను ఇంతకాలం ఈయన్ని అనవసరంగా అనుమానించానే అని కృపాదానం ఒక్క క్షణం నొచ్చుకున్నాడు.

“పద, డాబా మీద మాటాడుకుందాం,” అన్నాడు కూర్మయ్య.

పైన ఎండ మాడ్చేస్తోంది. నీళ్ల ట్యాంకు చుట్టూ ఒక బక్కపలచని మనిషి పరుగెత్తుతున్నాడు. జగ్గమ్మ తమ్ముడు కొండయ్య. ఒంటి మీద ఎర్ర బనీను తడిసి అంటుకుపోయింది. పిట్టగోడ మీద కొత్త ఎర్ర బనీన్లు ఇంకో ఆరు, దుకాణం మడతతో ఉన్నాయి.

“జిల్లా అంటే మాటలా కృపాదానం. ఒక్క బనీను ఎన్ని ఊల్లకని వత్తాది? రోజుకొకటి ఉండాల. సోమారం నుంచి తిరగాల. ఈడేమో ముసిలోడైపోనాడు. ముందటిలాగ సెమట పట్టడం నేదు ఈడికి.”

కృపాదానం ఫారం ముందుకు చాపాడు. కూర్మయ్య అందుకుని, పెన్ను మూత తీసి, సంతకం చోట ఆనించి ఆగాడు. కృపాదానాన్ని నఖశిఖ పర్యంతం చూశాడు.

“నీకు సెమట బాగా పడతాది కదా?”

కృపాదానానికి సిగ్గేసింది. కోపమొచ్చింది. తుడిచేసిన నాలుగో రూలుని ఈయన నెత్తిన పెట్టి కొట్టాలనిపించింది. రేపు మధ్యాహ్నం గడువు గుర్తొచ్చింది. చొక్కా విప్పి, మడిచి పిట్టగోడ మీద పెట్టాడు. కూర్మయ్య ఒక బనీను మడత విప్పి ఇచ్చి, ‘ఏడాదిగా ఒక్కరోజూ తప్పలేదు, ఆదర్శప్రాయం’ అని ఫారం మీద రాసి, సంతకం పెట్టి, కింద స్టాంపు కూడా కొట్టి, నీడలోకి వెళ్లిపోయాడు.

కృపాదానం పరుగు మొదలుపెట్టాడు. పట్టేసిన నడుం రెండో చుట్టుకే కలుక్కుమంది. కొండయ్య వెనక నుంచి వచ్చి పక్కన కలిశాడు.

“ఎన్నాల్ల నుంచి కొండయ్యా?”

“నా పెల్లి కాకముందు నుంచి.”

అయిదో చుట్టుకి కృపాదానం ట్యాంకు పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు. కొండయ్య జాలిగా చెయ్యి పట్టి లాగాడు.

“నిలబడకు అన్నా. ఆరిపోతాది.”