కోట తలుపు కాపరి అనుమతి పత్రం

చరిత్రలో ఎవరున్నారో, ఎవరు లేరో తేల్చేది చరిత్రకారులు కాదు, మూడో నంబరు కౌంటర్. ఈ సత్యం నాకు మా అమ్మాయి కామిక్స్ వల్ల బోధపడింది.

తనే రాసి, తనే గీసి, తనే అచ్చు వేయించి అమ్మాయి ఇప్పటికి మూడు సంచికలు తెచ్చింది. కథానాయిక ఒక కోట తలుపు కాపరి. నాలుగు వందల ఏళ్ల నాటి శాసనంలో ఆమె గురించి ఉన్నది ఒక్కటే వాక్యం: శత్రువు బతిమాలినా, బెదిరించినా ఆమె తలుపు తీయలేదు. పేరైనా లేదు. నాలుగో సంచికను శనివారం పుస్తక ప్రదర్శనలో అమ్మాలంటే చారిత్రక పాత్రల అనుమతి విభాగం ముద్ర ఉండాలి. లేకపోతే బల్ల ఇవ్వరు.

"ఈవిడ ఒప్పుకున్నట్టు సంతకం ఏదమ్మా?" అన్నాడు ఆ విభాగం మూడో నంబరు కౌంటర్లోని గుమాస్తా.

"ఆవిడ పోయి నాలుగు వందల ఏళ్లయిందండీ."

"అయితే మరణ ధ్రువపత్రం ఇచ్చెయ్యండి, గొడవే లేదు."

(మా ఆవిడ పోయినప్పుడు ఆ పత్రం కోసం నేనూ ఈ భవనం చుట్టూ తిరిగాను. అక్షర దోషాలన్నీ సరిదిద్దాకే ఆమె అధికారికంగా చనిపోయింది. ఆ రోజు నాకు కుర్చీ వేసింది ఈ గుమాస్తాయే కనుక ఆయన మీద నాకు కోపం లేదు.)

పత్రం లేదని తెలిశాక ఆయన నిబంధనల పుస్తకం తిరగేశాడు. పదిహేడో నిబంధన ప్రకారం, చనిపోయినట్టు రుజువు లేనివారందరూ బతికున్నట్టే.

"పోనీ, రాజుగారిని హీరోని చేసెయ్యండమ్మా. ఆయనకి పుట్టిందీ పోయిందీ అన్నీ రికార్డులో ఉన్నాయి. నిమిషంలో ముద్ర గుద్దేస్తా."

"ఆ రోజు ఆయన పెరటి దారిన పారిపోయాడండీ."

"పారిపోతే ఏం? కాగితాలు సరిగ్గా ఉన్నాయిగా!"

"పోన్లే అమ్మా, వచ్చే ఏడు చూద్దాం" అన్నాను.

"నువ్వూరుకో నాన్నా. ఆవిణ్ణి తీసేశాక ఇంక గీయడానికేముంది, తలుపా?"

గుమాస్తా అప్పటికే ఫైలు చాటున మూడో సంచిక చివరి పేజీకి వచ్చేశాడు. "ఇంతకీ ఆ తర్వాత ఆవిడ ఏమైంది?"

"నాలుగో దాంట్లో ఉంది. ముద్ర వేస్తే తెలుస్తుంది."

ఆయన సంచిక మూసి పక్కన పెట్టాడు. "బతికున్న మనిషికి వేలిముద్ర చాలు. నేను వెళ్లి మంచినీళ్లు తాగొస్తా" అని లేచాడు. వెళ్తూ వెళ్తూ ఇంకు ప్యాడు మూత తీసి పెట్టాడు.

ఆవిడ సంతకం ఉండాల్సిన చోట అమ్మాయి తన బొటనవేలు అద్దింది.

శనివారం సాయంత్రానికి నాలుగో సంచిక ప్రతులన్నీ అమ్ముడుపోయాయి. మొదటి ప్రతి కొన్నది గుమాస్తాయే. మంగళవారం తలుపు కాపరి పేర, మా ఇంటి చిరునామాకు ఒక నోటీసు వచ్చింది. ఆమె బతికే ఉన్నట్టు విభాగం దృష్టికి వచ్చిందట. పదవీ విరమణ చేసిన దాఖలా లేనందున, నాలుగు వందల ఏళ్లుగా విధులకు ఎందుకు రావడం లేదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

ఎట్టకేలకు ప్రభుత్వ రికార్డుల్లో ఆమెకు చోటు దొరికింది: గైర్హాజరైన వారి జాబితాలో, వరుస సంఖ్య ఒకటి.