మేసేవాళ్ళ కోటా

కిరాంబో జాతీయవనం వాళ్ళు సందర్శకులను రెండు రకాలుగా తీసుకుంటారు, చూసేవాళ్ళుగానూ మేసేవాళ్ళుగానూ. ఏలూరు కాలువగట్ల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసే భీమశంకరానికి మేసేవాళ్ళ కోటాలో చోటు వచ్చింది. అతని భార్య సామ్రాజ్యానికి జీపులో ముందు సీటు వచ్చింది.

ఇందులో వింతేమీ లేదు. రెండు విమానాలు మారి, ఆపైన మట్టినేల మీద దిగే బుల్లి విమానం ఎక్కితే గాని చేరలేని ఆ ఆఫ్రికా గడ్డిమైదానంలో సింహాలు పెరిగాయి, జింకలు తగ్గాయి. అంతదూరం వచ్చి జీపులో కూర్చున్నవాళ్ళ ఎదుట ఏదో ఒకటి పరిగెత్తాలి కదా! అందుకని వనం వాళ్ళు దరఖాస్తులు పరిశీలించి, తగినవాళ్ళను జింకల మందలో వేస్తున్నారు. పదిరోజులు మందతోపాటు గడ్డిలో ఉండాలి. మంద నది దాటితే దాటాలి. కొత్తగా చేరినవాళ్ళు అంచున నిలబడాలి. చివరిదాకా మిగిలినవాళ్ళకు తిరుగు టికెట్టు వర్తిస్తుంది.

వనం వాళ్ళ ఉత్తరం చదివిన భీమశంకరానికి ముచ్చెమటలు పోశాయి. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో సామ్రాజ్యాన్ని అతను ద్వారకా తిరుమల దాటించి ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. ఆమె పదకొండేళ్ళుగా పవర్‌పేటలో కర్రీ పాయింట్ నడుపుతోంది. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక టీవీలో ఏనుగుల గుంపును చూస్తూ కాసేపు కూర్చోవడమే ఆమెకున్న సుఖం. భర్త పక్కన కూర్చుని వాటిని కళ్ళారా చూడాలన్నది ఒక్కటే ఆమె కోరిక. నాలుగేళ్ళుగా ఇద్దరూ దీనికోసమే ప్లాను వేసుకున్నారు. మందలు నది దాటేది ఎప్పుడో కనుక్కున్నారు. నీలం, నలుపు బట్టలకు కుట్టే ఈగలు ముసురుతాయంటే ఇద్దరికీ మట్టిరంగు చొక్కాలు కుట్టించారు. చిన్న విమానంలో గట్టిపెట్టెలు పట్టవంటే మెత్తటి సంచులు కొన్నారు. జ్వరాల సూదులు వేయించుకుని రెండురోజులు మూలిగారు కూడా.

"మీ కాండక్ట్ సర్టిఫికెట్టే కొంప ముంచింది సార్," అన్నాడు ట్రావెల్స్ సుభానీ. ఎన్‌వోసీతోపాటు ఆఫీసువాళ్ళు జతచేసిన కాగితం తీసి చదివాడు. "ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఎన్నడూ ఎదురుచెప్పి ఎరగరు. నిలబడమన్నచోట నిలబడతారు. తలవంచుకుని తన పని తాను చేసుకుపోతారు. నలుగురిలో కలిసిపోతారు. ఇంత చక్కగా రాసిస్తే వాళ్ళు మాత్రం ఏమనుకుంటారు సార్?"

"మరి మా ఆవిడకి?"

"మేడమ్‌కి సర్టిఫికెట్టిచ్చే పై ఆఫీసరెవరూ లేరు కదా! ఫోన్లో ఇంటర్వ్యూ చేశారు. మేడమే వాళ్ళకి ఎదురు ప్రశ్నలేశారంట. వెంటనే జీపు రాసేశారు."

అప్పీలుకు వీలుంది. సర్వీసు మొత్తంలో ఒక్కసారైనా పైవాళ్ళకు ఎదురు నిలిచినట్టు ఆధారం చూపిస్తే చాలు, జీపులోకి మారుస్తారు. గడువు శుక్రవారం సాయంత్రం అయిదు.

భీమశంకరం సోమవారమంతా తన ఇరవై ఎనిమిదేళ్ళనూ తిరగేశాడు. ఎదురు నిలవాలనుకున్న సందర్భాలు చాలానే దొరికాయి. నిలిచినది మాత్రం ఒక్కటీ దొరకలేదు. అతనికి మొదటిసారి తన మీద తనకే జాలేసింది.

మంగళవారం చేతులు కట్టుకుని ఇంజనీరు గారి గదిలోకి వెళ్ళాడు. ఇంజనీరు పేరు కామరాజు. మనిషి నెమ్మదస్తుడు. అంతా విని కుర్చీ చూపించాడు. "దానిదేముందండీ, నామీద కాసేపు అరవండి. అరిచారని నేనే రాసిస్తాను. మొహమాటపడకండి."

"తమరు ఏమీ అనుకోకపోతే..." అని భీమశంకరం లేచి నిలబడ్డాడు. దేని గురించి అరవాలో తెలియక, తన సీటు పైన ఫ్యాను మూడు నెలలుగా తిరగడం లేదని ఒకటిన్నర నిమిషం అరిచాడు. కామరాజు ఇక చాలనగానే ఆపి, థాంక్స్ సార్ అన్నాడు. కామరాజు మాట నిలబెట్టుకున్నాడు. మధ్యాహ్నం మూడు నలభైకి, తన అనుమతితో, తాను ఆపమనేవరకు అరిచారని రాసి స్టాంపు వేసి ఇచ్చాడు.

వనం నుంచి బుధవారమే జవాబొచ్చింది. పై అధికారి చెప్పినప్పుడు అరిచి, చెప్పినప్పుడు ఆపినట్టు రుజువైనందున దరఖాస్తుదారుడి కోటా ఖరారు చేయడమైనదని, అదనపు ఆధారం పంపినందుకు కృతజ్ఞతలని అందులో ఉంది.

గురువారం సామ్రాజ్యం అతని సంచిలో టిఫిన్ బాక్సు పెడుతూ ఒక కవరు చూసింది. విచారణాధికారి నుంచి వచ్చింది. వేసవిలో కాలువగట్టు తెగింది. గట్టు బలంగా ఉందని తప్పు రిపోర్టు రాశాడని భీమశంకరం పక్కసీటు వీరభద్రాన్ని సస్పెండ్ చేశారు. అలా రాయమన్నది కామరాజే. ఆ మాట అన్నప్పుడు గదిలో ఉన్నది వాళ్ళిద్దరూ, ఫైలు పట్టుకుని నిలబడ్డ భీమశంకరమూ. ఆరోజు మీరేం విన్నారో శుక్రవారంలోగా రాయమని విచారణాధికారి అడిగాడు.

"అప్పీలు గడువు రేపటిదాకా ఉంది కదా! ఇదుండగా ఇంకేం కావాలండీ?" అంది సామ్రాజ్యం. "విన్నది విన్నట్టు రాయండి. ఆ వీరభద్రంగారు బయటపడతారు. మీరు జీపెక్కుతారు."

"రిటైర్మెంటు ఇంకా మూడేళ్ళుందే."

"సింహం ముందు పదిరోజులుండాలి. అది గుర్తుందా?"

"అది పదిరోజులే కదా," అన్నాడు భీమశంకరం.

సామ్రాజ్యం టిఫిన్ బాక్సు సంచిలో పెట్టి, కవరు దానిమీద పెట్టింది. అతనికి సిగ్గేసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో అతను తెల్లకాగితం తీసుకున్నాడు. రాద్దామనే కూర్చున్నాడు. వీరభద్రం కూతురు పరీక్ష ఫీజు గడువు దాటిపోతే అప్పట్లో భీమశంకరమే కాలేజీకి వెళ్ళి బతిమాలాడు, ఆ పిల్ల మొహం గుర్తొచ్చింది. వీరభద్రం పంచిపెట్టే చెగోడీలు గుర్తొచ్చాయి. తేదీ వేశాడు. "గౌరవనీయులైన" అని మొదలుపెట్టాడు. అప్పుడే కామరాజు గదిలోంచి వచ్చి, సీటు దగ్గర ఆగి పైకి చూసి, "ఫ్యాను బాగుచేయించానండీ, తిరుగుతోందా?" అన్నాడు. నిజంగానే చల్లగా తిరుగుతోంది. కాగితం ఎగిరిపోకుండా భీమశంకరం చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి తీసేసరికి, ఆరోజు తనకేమీ వినపడలేదన్న ఒక్క వాక్యం పూర్తయింది. కింద సంతకం కూడా ఉంది.

ఆ తర్వాత పనులన్నీ సవ్యంగా జరిగిపోయాయి. వీసాలొచ్చాయి. మేసేవాళ్ళకిచ్చే సూచనల పుస్తకాన్ని సుభానీ ఇంటికి తెచ్చిచ్చాడు. సింహం వాసన తెలిస్తే తల ఎత్తవచ్చు, అరవకూడదు. సింహం ఒకరిని పట్టుకున్నాక మిగతావాళ్ళు కొంతదూరం పరిగెత్తి ఆగాలి. వెనక్కి చూడవచ్చు, వెళ్ళకూడదు. పది నిమిషాల్లో మేత తిరిగి మొదలవ్వాలి. ఇందులో ఇదివరకే అనుభవం ఉన్నవాళ్ళు ఎన్నేళ్ళో రాస్తే, శిక్షణ నుంచి మినహాయింపు.

"నేను జీపులోంచి చూస్తూనే ఉంటాను," అంది సామ్రాజ్యం, సంచి సర్దుతూ. "అందరూ మట్టిరంగే కదా, మిమ్మల్నెలా గుర్తుపట్టనండీ?"

"చెయ్యి ఊపుతాలే."

"వద్దు. ఊపకండి. అంచునుండేది కదిలితే సింహం దానిమీదకే వస్తుందంట."

సోమవారం పదకొండింటికి వీరభద్రాన్ని ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తర్వు వచ్చింది. హాల్లో వరుసగా వేసిన ఆరు బల్లల్లో అతనిది ఇంజనీరు గది తలుపు దగ్గరిది. ఉత్తర్వు చదవగానే అందరూ తలలెత్తారు. టైపిస్టు కామేశ్వరి "అయ్యో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరూ లేవలేదు. టీ వచ్చింది. ఆ కుర్చీ గట్టిదండీ, నాకు వేయించండని ఎవరో అన్నారు. భీమశంకరం గోడ గడియారం చూశాడు. అందరూ మళ్ళీ ఫైళ్ళలోకి వంగడానికి ఏడు నిమిషాలు పట్టింది.

సొరుగులోంచి వనం వాళ్ళ ఫారం తీసి, అనుభవం అన్న గడిలో ఇరవై ఎనిమిది అని వేశాడు.

ఈలోగా అటెండర్లిద్దరు వచ్చి వీరభద్రం బల్లను స్టోర్‌రూముకు మోసుకుపోయారు. ఇప్పుడు వరుసలో అయిదు బల్లలున్నాయి. తలుపు దగ్గరిది భీమశంకరానిది. అతను జరుగుదామని వరుసవైపు చూశాడు. మిగతా నలుగురూ అప్పటికే తమ కుర్చీలను కాస్త అవతలికి లాక్కుని, తలలు వంచుకుని రాసుకుంటున్నారు. లోపల కామరాజు గదిలో కుర్చీ కిర్రుమంది. భీమశంకరం కదలకుండా కూర్చుని, తనూ తల వంచాడు.