నలభై ఒకటో దుర్బిణి

ఆ శుక్రవారం పొద్దున్న ఫస్ట్ సార్జెంట్ హ్యాస్కెట్‌కి ఒకే ఒక్క పథకం ఉంది. మధ్యాహ్నం రెండింటికల్లా కంపెనీని నాలుగు రోజుల సెలవుకి వదిలిపెట్టాలి, మూడున్నరకి కూతురు మార్నీని డ్రైవింగ్ పరీక్షకి తీసుకెళ్ళాలి. ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే మాటిచ్చి, రెండుసార్లూ ఎవడో సైనికుడు చేసిన వెధవపని వల్ల ఎగ్గొట్టాడు. ఈసారీ తప్పితే మళ్ళీ తేదీ దొరకడానికి రెండు నెలలు పడుతుంది.

ఐదున్నరకి బండ్ల యార్డులో నిలబడి ఫోన్లో భార్య లోర్నాకి ఒట్టేసి చెబుతుండగా, తన డ్రైవరు ఒబ్రెగాన్ పక్కకొచ్చి ఏదో అడిగాడు. "బండి మీద పెట్టు, నేను చూసుకుంటా" అని చెయ్యి విసిరాడు హ్యాస్కెట్. వాడేం అడిగాడో వినిపించుకోలేదు. అవతల లోర్నా, ఈసారి రాకపోతే ఆ పిల్లకి నువ్వే సమాధానం చెప్పుకో అంటోంది.

నూటిరవై మంది సైనికులున్న బ్రావో కంపెనీలో హ్యాస్కెట్‌ని అందరూ టాప్ అంటారు. ఆజ్ఞలు కెప్టెన్‌వి, చాకిరీ టాప్‌ది. ఎవడు గడ్డం గీసుకోలేదు, ఎవడి భార్య ఆస్పత్రిలో ఉంది, ఎవడి గదిలో ఎలకలు తిరుగుతున్నాయి, అన్నీ ఆయన నెత్తిమీదే. పంతొమ్మిదేళ్ళుగా ఇదే ఉద్యోగం, పంతొమ్మిదేళ్ళుగా ఇదే కోపం. పాపం, ఆ మనిషికి కోపం లేకుండా కాఫీ కూడా దిగదు.

అరగంట తర్వాత అదే కాఫీ చేత్తో పట్టుకుని యార్డులోకి తిరిగొచ్చేసరికి, ఒక బండి బానెట్ మీద చీకట్లో చూసే దుర్బిణి ఒకటి దిక్కూమొక్కూ లేకుండా పడి ఉంది. చుట్టుపక్కల నరమానవుడు లేడు. హ్యాస్కెట్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. తుపాకీ తర్వాత తుపాకీ అంతటి వస్తువది. ఒక్కటి పోయిందంటే బేస్ గేట్లన్నీ మూసేస్తారు, దొరికేదాకా ఒక్కడు ఇంటికి వెళ్ళడు.

ఇలాంటప్పుడు సార్జెంట్లు చేసే పని ఒకటుంది. వస్తువుని చడీచప్పుడు లేకుండా దాచేస్తారు. పోగొట్టుకున్నవాడు వెతికి వెతికి, ఏడుపుమొహంతో వచ్చి ఒప్పుకునేదాకా నోరు విప్పరు. ఒప్పుకున్నాక వాడు బాధ్యత గురించి వెయ్యి మాటల వ్యాసం రాసి, కంపెనీ అందరి ముందూ చదవాలి. ఈ వ్యాసం రూలు హ్యాస్కెట్ పెట్టిందే. దుర్బిణిని టిఫిన్ సంచిలో, గుడ్డు చుట్టిన రొట్టెల మధ్య తోసి, ఎవడొస్తాడో చూద్దామని కూర్చున్నాడు.

ఎవడూ రాలేదు. పది గంటలకి ఆయుధాల గది చూసే సార్జెంట్ డూప్రే లెక్క చెప్పడానికి వచ్చాడు.

"సరిపోయింది, టాప్. దుర్బిణులు నలభై ఒకటికి నలభై ఒకటి. నలభై గదిలో ఉన్నాయి, ఒకటేమో..."

"చాలు. మళ్ళీ లెక్కపెట్టు."

తన సంచిలో ఒకటి కూర్చుని ఉండగా వీడు మొహమ్మీదే నలభై ఒకటంటాడా? రెండో లెక్క కూడా నలభై ఒకటే వచ్చింది. డూప్రే కాగితం చూపించబోతే, కాగితం మీద ఎవడైనా ఏమైనా రాస్తాడని తోసేశాడు. ఇప్పుడిది దుర్బిణి సంగతి కాదు, కంపెనీ అంతా కట్టగట్టుకుని తనకి అబద్ధం చెబుతోంది. హ్యాస్కెట్ పళ్ళు పటపట కొరికాడు. నూటిరవై మందీ తమ సామానంతా మైదానంలోకి తెచ్చి గడ్డి మీద పరవాలని ఆజ్ఞ వేశాడు.

మధ్యాహ్నం పన్నెండుకి మైదానం సంతలా ఉంది. చిరిగిన మేజోళ్ళు బయటపడ్డాయి. కిందటేడు పోయిన మూడు గొడ్డళ్ళు బయటపడ్డాయి. ఒకడి సంచిలోంచి మూరెడు పెంపుడు బల్లి బయటపడి, డూప్రే బూటు మీదుగా పరుగెత్తింది. దుర్బిణి పోయిందని మాత్రం ఒక్కడూ అనలేదు.

ఈ గోల చూసి కెప్టెన్ టెస్మర్ ఆఫీసు దిగి వచ్చింది. ముప్ఫై నిండని మనిషి, టాప్ మాటంటే ఆమెకి గురి.

"టాప్, ఏమైనా పోయిందా?"

"వాళ్ళ నోటితోనే చెప్పిస్తాను, మేడమ్."

అంటే పోయిందన్నమాటే అనుకుంది ఆమె. పోతే గంటలోగా పైకి చెప్పాలని రూలు. గిరుక్కున తిరిగి వెళ్ళి, నాలుగు కంపెనీల మీదా అధికారి అయిన కల్నల్‌కి ఫోన్ చేసింది. ఆమె ఫోన్ చేస్తున్నంతసేపూ హ్యాస్కెట్ బల్లి యజమానిని తిడుతున్నాడు.

ఒంటిగంటకి గేట్లు మూసేశారు. సెలవుకి బట్టలు సర్దుకున్న మిగతా మూడు కంపెనీలనీ దింపి, చెయ్యిచెయ్యి పట్టుకునేంత దూరంలో వరసగా నిలబెట్టి, గడ్డి మీదికి వంచి వెతికించారు. మూడు వందల పైచిలుకు నోళ్ళు బ్రావో కంపెనీని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాయి. ఇంత జరిగాక ఇదిగో నా దగ్గరే ఉందంటే తన పరువేం కాను? ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం, దొంగవెధవ నోరు విప్పుతాడు అనుకుంటూ హ్యాస్కెట్ రెండు గంటలు గడిపాడు.

మూడింటికి కల్నల్ జీపు దిగాడు. అదే నిమిషంలో ఫోన్ మోగింది. "బయల్దేరావా?" అంది లోర్నా. ఇక హ్యాస్కెట్ ఆగలేకపోయాడు. సంచిలోంచి దుర్బిణి లాగి, కంపెనీ అందరికీ కనబడేలా పైకెత్తాడు. దాని అద్దానికి గుడ్డుసొన అంటుకుని ఉంది.

"పొద్దుట్నుంచీ ఇది నా దగ్గరుంది. మీలో ఒకడు దీన్ని బండి మీద పారేసి పోయాడు. పోయాక ఒప్పుకునే దమ్ము లేక, అందరూ కలిసి నాతో దొంగలెక్క చెప్పారు. సిగ్గులేదూ? డూప్రే, దీని నంబరు చూసి, ఎవడి పేరు మీదుందో గట్టిగా చదువు."

డూప్రే నంబరు చూశాడు. కాగితం చూశాడు. మళ్ళీ నంబరు చూశాడు.

"చదవమన్నానా!"

"మీదే, టాప్."

నలభై గదిలో ఉన్నాయనీ, ఒకటి ఫస్ట్ సార్జెంట్ చేతిలో ఉందనీ కాగితంలో పొద్దున్నే రాసి ఉంది. వెనక వరసలోంచి ఒబ్రెగాన్ చెయ్యెత్తాడు.

"మీ దుర్బిణి తుడిచాను, ఎక్కడ పెట్టమంటారని పొద్దున్న అడిగాను, టాప్. బండి మీద పెట్టు, నేను చూసుకుంటా అన్నారు. పెట్టాను."

కల్నల్ గొంతు పెంచలేదు. ఈ కంపెనీలో సామాను దిక్కులేకుండా వదిలేస్తే శిక్షేమిటని కెప్టెన్‌ని అడిగాడు. ఆమె నేల చూపులు చూస్తూ, వెయ్యి మాటల వ్యాసమండీ, అందరి ముందూ చదవాలండీ అంది.

కాగితాలు పూర్తయి గేట్లు తెరిచేసరికి ఐదున్నర దాటింది. ఇంట్లో మార్నీ వంటగది బల్ల దగ్గర కూర్చుని ఉంది. హ్యాస్కెట్ నోరు తెరిచేలోపే తెల్లకాగితాలూ, కలమూ ఆయన ముందుకి జరిపింది. వేసవిలో సైకిలు వరండాలో వదిలేసినందుకు ఆ పిల్ల చేత ఆయన ఇదే బల్ల దగ్గర ఇలాంటి వ్యాసమే రాయించాడు.

"వెయ్యి మాటలు, నాన్నా" అంది. "మూడుసార్లకి మూడు వ్యాసాలు."

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయనకి కోపం రాలేదు, కన్నీళ్ళొచ్చాయి. కూర్చుని రాశాడు. సెలవు నాలుగు రోజులూ రాస్తూనే ఉన్నాడు, మధ్యమధ్యలో మార్నీ పక్కన కూర్చుని ఖాళీ పార్కింగ్‌లో బండి తిప్పించాడు.

బుధవారం పొద్దున్న నూటిరవై మంది ముందు కంపెనీ వ్యాసం చదివితే, పన్నెండు మాటలు తక్కువొచ్చాయని డూప్రే లెక్క చెప్పాడు. ఈసారి మళ్ళీ లెక్కపెట్టమని ఎవరూ అనలేదు.