విమానం మీద వాటాలు

తాడేపల్లిగూడెం సెంటర్లో యుద్ధవిమానాన్ని నిలబెట్టి తీరుతామని మంత్రిగారు ప్రకటించిన క్షణాన ఊళ్ళో రైసు మిల్లులన్నీ గౌరవసూచకంగా ఆగిపోయాయని ఎమ్మెల్యే అబ్బాయిరాజు గారి అనుచరులు పత్రికలవారికి చెప్పారు. ఆ క్షణాన కరెంటు పోయిన మాట నిజమే. అయినా గౌరవం గౌరవమే.

ఆ అనుచరుల్లో ముఖ్యుడు రామకోటి. కొల్లేటికోటలో పుట్టి, గూడెంలో స్థిరపడి, ఏళ్ళ తరబడి ఎమ్మెల్యే గారి కారు తలుపు తీస్తున్నాడు. "విమానం లేచిన మర్నాడే నువ్వు మార్కెట్ యార్డు చైర్మన్‌వోయ్" అని ఆయన మాటిచ్చారు. అందువల్ల దేశరక్షణ మీద రామకోటికున్నంత శ్రద్ధ జిల్లాలో మరొకరికి లేదు.

విమానం లారీ మీద వచ్చింది. సర్వీసంతా చేసి రిటైరైన విమానం. తోక మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు, వెలిసిపోయినా దర్జా పోలేదు.

"ఇవేవిటండీ?" వెంట వచ్చిన ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ని అడిగారు అబ్బాయిరాజు గారు.

"స్క్వాడ్రన్ కోడ్ సార్. ఏ దళం విమానమో తెలిపే గుర్తు. గాల్లో మనవాళ్ళని మనవాళ్ళు పోల్చుకోడానికి."

ఎమ్మెల్యే గారు అంత లోతైన మాట అసెంబ్లీలో కూడా వినలేదు. "అంటే ఎవరిదో తెలియాలన్నమాట. మరి దీన్ని తెచ్చిందెవరండీ? మేమే కదండీ!"

ఆఫీసర్ గారు కాగితం మీద సంతకం పెట్టించుకుని, రైలు టైమైందని వెళ్ళిపోయారు. ఆ పూట రైళ్ళేవీ లేవు.

గెస్ట్‌హౌస్‌లో విమానం మీద ఎవరి పేరు ఎక్కడ రాయాలో తేల్చడానికి కూటమి సమావేశం జరిగింది. సీట్ల సర్దుబాటు కంటే క్లిష్టమైన సర్దుబాటు అది. కుడి రెక్క పైభాగం మంత్రిగారికి, ఎడమ రెక్క పైభాగం ఎమ్మెల్యే గారికి, వీపు ఎంపీ గారికి, తోక మిత్రపక్షానికి.

"తోకేవిటండీ మాకు? మేం లేకపోతే మీరు గెలిచేవారా?" అని లేచారు మిత్రపక్షం వారు.

"విమానానికి తోకే ప్రాణమండీ."

"అంత ప్రాణమైతే మీరే ఉంచుకోండి."

అందుచేత తోక మీది పాత అక్షరాలు చెరిపి, తెల్లరంగు పూసి, తదుపరి చర్చలకు వదిలేశారు.

"మరి నాకండీ?" అన్నాడు రామకోటి.

"ఇంకేం మిగిలిందోయ్?"

"పొట్ట ఉందండి."

"పుచ్చుకో!" అన్నారు అబ్బాయిరాజు గారు. అందరూ నవ్వారు.

రామకోటి చిన్నబుచ్చుకోలేదు. కొల్లేటికోటలో దోనెలకు గుర్తు వేసేది అడుగునే. పని లేనప్పుడు దోనెను గట్టు మీద బోర్లిస్తారు కనుక, ఎవరి దోనో చెప్పవలసింది దాని అడుగే. ఆ అలవాటు కొద్దీ పొట్ట నిండా ఎర్రరంగుతో, మనిషెత్తు అక్షరాలతో "రా.కో." అని రాయించాడు.

క్రేన్ వెంకట్రాజు విమానాన్ని పెద్ద స్తంభం ఎక్కించాడు. మంత్రిగారు తాడు లాగారు. గుడ్డ జారింది. జనం తలలెత్తారు. రెక్కలూ వీపూ ఆకాశం వైపు తిరిగి ఉన్నాయి. జనం వైపు తిరిగి ఉన్నది ఒక్క పొట్టే.

"రా.కో. ఎవరండీ?" అన్నాడొకాయన.

"విమానం కంపెనీ అయ్యుంటుందండీ" అన్నాడు పక్కాయన.

మంత్రిగారు నవ్వుతూ కారెక్కారు. ఆ నవ్వు చూసి అబ్బాయిరాజు గారి చొక్కా తడిసిపోయింది.

"ఎంత వెన్నుపోటు పొడిచావోయ్ రామకోటీ!"

"వెన్ను ఎంపీ గారిదండీ. నాది పొట్టేనండీ. పోనీ, చెరిపేయమంటారా?"

"నీది చెరిపితే మాది కనపడుతుందా?"

అప్పుడు వెంకట్రాజు చుట్ట పక్కన పెట్టి, "తిరగేసేద్దామండీ" అన్నాడు.

తిరగేశారు. చక్రాలు పైకి, వీపు కిందికి. మంత్రిగారు మళ్ళీ వచ్చి, మళ్ళీ తాడు లాగి, శత్రువును వెక్కిరిస్తూ పల్టీ కొట్టే వీరభంగిమ దేశంలో మన గూడెంలోనే ఉందని ప్రసంగించారు. మర్నాడు మార్కెట్ యార్డు చైర్మన్ పదవి, పార్టీ పరువు నిలబెట్టినందుకు, వెంకట్రాజు గారికి దక్కింది.

రామకోటి అన్నం దగ్గర కూర్చుని మెతుకులు కెలుకుతుంటే, భార్య లక్ష్మీదుర్గ పులుసు వడ్డిస్తూ, "ఊరుకోండి. గూడెంలో కాకులన్నిటికీ మీరు తెలుసు" అని ధైర్యం చెప్పింది.

ఆ వానాకాలం ఏర్లన్నీ పొంగి కొల్లేటిలో పడ్డాయి. ముఖ్యమంత్రిగారు రాజమండ్రి నుంచి హెలికాప్టర్లో ఏరియల్ సర్వేకి బయల్దేరారు. కొల్లేటికోట జనం దాబాలెక్కి చీరలూ తువ్వాళ్ళూ ఊపారు. సాయంత్రానికి అబ్బాయిరాజు గారికి సీఎం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

"గూడెం మీదుగా వెళ్తుంటే కింద ఎర్రగా రా.కో. అని ఉందట. సీఎం గారు అడుగుతున్నారు. మనవాడేనా?"

"మనవాడేనండీ! నా కుడిభుజమండీ!"

తెల్లారేసరికి రామకోటి చైర్మనయ్యాడు. అనారోగ్యం వల్ల రాజీనామా చేశానని వెంకట్రాజు గారు క్రేన్ నడుపుతూనే విలేకరులకు చెప్పారు. సర్వేలో ఇంకేం కనిపించాయని అడిగితే, అధికారులు మబ్బుగా ఉందన్నారు.

దండలు పట్టుకొచ్చిన వాళ్ళ వెనకాల కొల్లేటికోట నుంచి వచ్చిన రామకోటి మేనత్త బుల్లెమ్మ నిలబడి ఉంది, మోకాళ్ళ దాకా బురదతో.

"రెండ్రోజులు దాబా మీదే ఉన్నాంరా రామకోటీ. నా పెళ్ళిచీర కూడా ఊపాను. హెలికాప్టరు మా నెత్తి మీంచే పోయింది, ఆగలేదు. మా దాబా మీద కూడా నీ అక్షరాలు రాయించరా. మళ్ళీ వస్తే మేమూ కనపడతాం."

రామకోటి మెడలో దండ సర్దుకున్నాడు.

"కూర్చో అత్తా, కాఫీ తాగు. మీ దాబా ఎవరి వాటాకొస్తుందో ముందు కూటమిలో తేలాలి."